ఇనుప చువ్వ పక్కన ఎల్ఈడీ

వోల్టేజీ పడిపోతే మోటారు ఆంపియర్లు ఎక్కువ లాగుతుందని రెడ్డిగూడెం వైపు మామిడి తోటలో బోరు నడిపే రైతునెవరినడిగినా చెబుతాడు. ఒకసారి కాయిలు కాలి మోటారును వైండింగ్ షాపుకు మోసుకెళ్లినవాడైతే ఇంకాస్త గట్టిగా చెబుతాడు. అదే ఇంట్లో పదో తరగతి చదివే పిల్లాణ్ణి అడగండి: వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా తగ్గుతుంది, ఓం నియమం, రెండు మార్కుల ప్రశ్న. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఈ రెండు నిజాలకూ చోటుండేలా పాఠం చెప్పడం తేలిక కాదు. దాన్ని చాలావరకు సాధించిన ఒక తెలుగు పాఠం ఉంది. దాని పనితనాన్ని, అందులోని లోపాలతో సహా, దగ్గరగా చూద్దాం.

తిరువూరు డివిజన్‌లోని రెడ్డిగూడెం మండలం 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలోది, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోది. మైలవరం, విస్సన్నపేట, నూజివీడు వైపులన్నీ మామిడి తోటలే. మెట్ట ప్రాంతం కాబట్టి బోరు, మూడు ఫేజుల కరెంటు, స్టార్టరు పెట్టె ఇక్కడి సేద్యంలో భాగం. ఇక్కడి పిల్లలూ రాష్ట్రంలోని మిగతా సర్కారు బడి పిల్లలూ ఏళ్ల తరబడి చదివింది ఒకే పుస్తకం: 2014లో కొత్తగా వచ్చిన పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రం. అందులో 'విద్యుత్ ప్రవాహం' అనే పాఠం గురించే నేను మాట్లాడేది.

ఆ పాఠం సూత్రంతో మొదలుకాదు. వైరులో అసలు కదిలేదేమిటి అన్న ప్రశ్నతో మొదలవుతుంది. లోహంలో అయాన్లు ఉన్నచోటే ఉంటాయి, ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతాయి అన్న డ్రూడ్, లోరెంజ్‌ల ఊహను పరిచయం చేసి, వెంటనే ఒక లెక్క కట్టిస్తుంది. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం ఉన్న రాగి తీగలో ఒక ఆంపియరు కరెంటు పోతుంటే ఎలక్ట్రాన్లు ఎంత వేగంగా ముందుకు జరుగుతాయి? సెకనుకు 0.07 మిల్లీమీటరు. అంటే పది సెంటీమీటర్ల తీగ దాటడానికి దాదాపు 24 నిమిషాలు, పీరియడులో సగానికి పైగా. మరి స్విచ్చి వేయగానే బల్బు ఎలా వెలుగుతోంది? విద్యుత్ క్షేత్రం తీగ పొడవునా దాదాపు తక్షణమే ఏర్పడుతుంది, అన్ని ఎలక్ట్రాన్లూ ఉన్నచోటి నుంచే ఒకేసారి కదలడం మొదలెడతాయి. ఈ ఒక్క లెక్కతో పిల్లల మనసులో ఉన్న తప్పు బొమ్మ చెరిగిపోతుంది. కరెంటు అనేది బ్యాటరీలోంచి బయల్దేరి బల్బు దగ్గరకు ప్రయాణించి అక్కడ ఖర్చైపోయేది కాదు. అమ్మీటరును తీగకు ఒకసారి ముందు, ఒకసారి వెనక పెట్టి చూపించే మాస్టారుంటే ఆ మాట మరి చెరగదు. రెండు చోట్లా ముల్లు ఒకే అంకె దగ్గర నిలబడుతుంది.

ఇక్కడ చాలామంది మాస్టార్లు నీళ్ల ట్యాంకును తెస్తారు. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే అంత ఒత్తిడి, అది వోల్టేజీ. గొట్టంలో పారే నీరు కరెంటు. గొట్టం సన్నదనం నిరోధం. ఊరి మధ్య రక్షిత మంచినీటి ట్యాంకు కనబడుతూనే ఉంటుంది కాబట్టి ఇది పిల్లలకు ఇట్టే ఎక్కుతుంది. కానీ దానికీ ఒక హద్దుంది. గొట్టం కోస్తే నీళ్లు బయటికి చిమ్ముతాయి. తీగ కోస్తే కరెంటు కారదు, ఆగిపోతుంది. ఇది చెప్పకుండా ట్యాంకుతోనే ఆపేసిన తరగతిలో, కరెంటు తిరిగి రావడానికి ఇంకో తీగ ఎందుకని అడిగే పిల్లలు మిగిలిపోతారు. ఆ ప్రశ్న మంచిదే, కాకపోతే దానికి జవాబు ట్యాంకు దగ్గర దొరకదు.

ఇక అసలు ప్రయోగం. కావలసినవి: 1.5 వోల్టుల ఘటాలు ఐదు, తీగలు, అమ్మీటరు, వోల్ట్ మీటరు, పది సెంటీమీటర్ల సన్నని ఇనుప చువ్వ, ఒక ఎల్ఈడీ, కీ. చువ్వ రెండు చివరలకు తీగలు సోల్డర్ చెయ్యాలి. ఒక ఘటంతో మొదలుపెట్టి, శ్రేణిలో రెండు, మూడు, నాలుగు, ఐదు ఘటాలు కలుపుతూ ప్రతిసారీ వోల్టులు, ఆంపియర్లు పట్టికలో రాసుకోవాలి. ఒకదాన్ని రెండోదానితో భాగించాలి. నిష్పత్తి మారదు. తర్వాత చువ్వ తీసేసి అదే చోట ఎల్ఈడీ పెట్టి మొదటి నుంచీ చెయ్యాలి. ఈసారి నిష్పత్తి మారుతుంది. రెండు గ్రాఫులూ గీయాలి: ఒకటి సరళరేఖ, రెండోది వంపు. ఓం నియమం పేరు పిల్లలకు ఇదంతా అయ్యాకే వినబడుతుంది.

ఈ అమరికే నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా నచ్చింది. చాలా పుస్తకాలు నియమాన్ని సగర్వంగా ప్రకటించి, అది వర్తించని పదార్థాల జాబితాను చివర చిన్నక్షరాల్లో పడేస్తాయి. ఇక్కడ నియమం పుట్టిన బల్ల మీదే, అవే ఘటాలతో, అదే పీరియడులో దాని హద్దు కూడా కనబడుతుంది. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఏదో ఒక అంకె ఎప్పుడైనా వస్తుంది, ఎల్ఈడీకీ వస్తుంది. ఆ అంకె మారకుండా నిలబడటమే ఓం నియమం. ఈ తేడా తెలియని డిగ్రీ విద్యార్థులు కూడా ఉంటారు. పదో తరగతి పిల్లాడికి దాన్ని ఒక్క మాట బోధించకుండా రెండు పట్టికలతో అందించిన చెయ్యి ఎవరిదో గానీ, నేర్పుగల చెయ్యి.

పొగడ్త అయింది కాబట్టి ఇప్పుడు లెక్క. ఇనుము విశిష్ట నిరోధం ఓం-మీటరులో కోటో వంతు దరిదాపుల్లో ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చువ్వ, పది సెంటీమీటర్ల పొడవు అనుకుంటే దాని నిరోధం ఓంలో వెయ్యింట మూడు వంతులు. దాన్ని ఘటానికి తగిలించడమంటే దాదాపు షార్ట్ చెయ్యడమే. కరెంటును ఆపేది చువ్వ కాదు, ఘటం లోపలి నిరోధం. అమ్మీటరు ముల్లు చివరికంటా దూకుతుంది, వోల్ట్ మీటరు ముల్లు సున్నా దగ్గర బద్ధకంగా పడి ఉంటుంది, ఘటం వేడెక్కుతుంది. ఎల్ఈడీ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. ఎర్ర ఎల్ఈడీ దాదాపు 1.8 వోల్టుల దగ్గర వెలగడం మొదలెడుతుంది, కాబట్టి ఒక ఘటంతో ఏమీ జరగదు. ఐదు ఘటాలు కలిపి 7.5 వోల్టులు, మధ్యలో నిరోధం లేకుండా నేరుగా ఇస్తే అది మాడిపోతుంది. అంటే ఆలోచన గొప్పది, సామగ్రి జాబితా మాత్రం బల్ల మీద పెట్టి చూసి రాసినట్టు లేదు. ఈ సంగతి తెలిసిన మాస్టార్లు చువ్వ బదులు నిరోధం ఎక్కువున్న నైక్రోమ్ తీగ వాడతారు, ఎల్ఈడీకి వరుసలో ఒక 330 ఓంల రెసిస్టరు కలుపుతారు. తెలియని చోట ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే: రికార్డు పుస్తకంలో 1.5, 3, 4.5, 6, 7.5 అని వోల్టులు ముందే రాసేసి, ఆంపియర్లను తీరిగ్గా భాగహారంతో వండుతారు.

ఆ వండిన రికార్డును పట్టుకోవడం మాత్రం తేలిక. నిజంగా మీటరు పెట్టి చూసినవాడికి 1.5, 3, 4.5 అనే గుండ్రటి అంకెలు రావు. ఐదు ఓంల నైక్రోమ్ తీగ, ఒక్కో ఘటానికి లోపల అర ఓం నిరోధం అనుకుందాం. ఒక ఘటంతో కరెంటు 0.27 ఆంపియర్లు, తీగ మీద వోల్టులు 1.36. రెండు ఘటాలతో 0.5, 2.5. మూడింటితో 0.69, 3.46. నాలుగింటితో 0.86, 4.29. ఘటాలు కలిపేకొద్దీ వోల్టులు మనం ఆశించినదానికన్నా వెనకబడుతూనే ఉంటాయి. అయినా ఏ వరుసలో భాగించినా ఐదే. ఘటం పెట్టె మీద ఏం రాసుందో తీగకు అనవసరం, తన రెండు కొసల మధ్య ఎంత తేడా ఉందన్నదే దానికి కావాలి. వోల్ట్ మీటరును ఘటానికి కాకుండా తీగకే సమాంతరంగా ఎందుకు పెట్టాలో పిల్లాడికి ఈ పట్టిక చెప్పినంత బాగా ఏ బొమ్మా చెప్పదు.

ఘటం లోపలి ఈ పేచీ పాతది. నియమం కనిపెట్టిన గియోర్గ్ ఓమ్ స్వయంగా బడిపంతులు. 1789లో ఎర్లాంగెన్‌లో తాళాలు చేసే కమ్మరి ఇంట పుట్టాడు, 1817 నుంచి కొలోన్‌లోని హైస్కూల్లో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పాడు. మొదట వోల్టా తరహా బ్యాటరీలతో కొలిచాడు. వాటి బలం నిలకడగా ఉండక 1825లో తప్పు సూత్రం ప్రచురించాడు. భౌతికశాస్త్రవేత్త పోగెండార్ఫ్ సలహా మీద, నాలుగేళ్ల ముందే సీబెక్ కనిపెట్టిన ఉష్ణయుగ్మానికి మారాడు. బిస్మత్, రాగి అతుకుల్లో ఒకటి మరిగే నీళ్లలో, ఇంకొకటి మంచులో. నీళ్లు మరుగుతున్నంత సేపూ, మంచు కరుగుతున్నంత సేపూ ఉష్ణోగ్రతలో తేడా మారదు కాబట్టి వోల్టేజీ కూడా కదలదు. అమ్మీటరు ఇంకా లేదు, వేలాడదీసిన అయస్కాంత సూది ఎంత తిరిగిందో చూసి కరెంటు అంచనా కట్టాడు. రెండు అంగుళాల నుంచి 130 అంగుళాల దాకా పొడవున్న ఎనిమిది రాగి తీగలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూశాడు. 1826లో ఆయనకు దొరికిన సూత్రంలో భాగహారం కింద రెండు ముక్కలున్నాయి: ఒకటి పరీక్షించే తీగ పొడవు, రెండోది తీగ మారినా మారని స్థిర సంఖ్య. ఆ రెండోది మిగతా వలయం నిరోధం, మన లెక్కలో అర ఓం ఉన్న చోటు. 1827లో పుస్తకంగా వేసినప్పుడు సొంత దేశంలో పెద్దగా ఆదరణ దక్కలేదు. లండన్ రాయల్ సొసైటీ 1841లో కోప్లీ పతకం ఇచ్చింది. ఓమ్, వోల్ట్, ఆంపియర్ మూడూ పారిస్ మహాసభలో కొలమానాలయ్యేసరికి 1881, ఆయన పోయి 27 ఏళ్లు.

ఓమ్ కన్నా ముందే ఇంగ్లండులో హెన్రీ కేవెండిష్ 1781లో ఇదే సంబంధాన్ని గుర్తించాడు. మీటరు బదులు తన ఒంటినే వాడాడు: విద్యుదావేశం నిల్వచేసే లేడెన్ జాడీలను ఉప్పునీటి గొట్టాల గుండా డిశ్చార్జి చేసి ఏ షాకు ఎంత గట్టిగా తగిలిందో పోల్చుకునేవాడు. ఎక్కడా ప్రచురించలేదు. ఆ కాగితాలను మాక్స్‌వెల్ అచ్చు వేసింది 1879లో. బడిలో ఈ పద్ధతి పనికిరాదు గానీ, ఈ కథ వినిపిస్తే వెనక బెంచీ కూడా తలెత్తుతుంది.

షాకు ప్రస్తావన ఆ తెలుగు పాఠంలోనూ ఉంది, అదీ మొక్కుబడిగా కాదు. ఒంటి నిరోధం ఉప్పునీటిలో తడిసి ఉంటే 100 ఓంలు, చర్మం బాగా పొడిగా ఉంటే 5,00,000 ఓంల దాకా ఉంటుందని చెప్పి, పొడి వేళ్లతో 24 వోల్టులు ముట్టుకుంటే ఎంత, 240 వోల్టులు ముట్టుకుంటే ఎంత అని లెక్క కట్టిస్తుంది. 0.07 ఆంపియరు గుండె గుండా పోతే ప్రమాదమని చెబుతుంది. హైటెన్షన్ తీగ మీద వాలిన పిట్టకు ఎందుకు ఏమీ కాదని అడుగుతుంది. తోటలో బురద కాళ్లతో స్టార్టరు పెట్టె తెరిచే ఊళ్లలో ఈ లెక్కకు ఉన్న విలువ వేరు. తడిచేతికి వెయ్యి ఓంలు అనుకుంటే 240 వోల్టుల దగ్గర 0.24 ఆంపియరు. ఆ ప్రమాదపు గీతకు మూడు రెట్లు దాటింది. మాస్టారు ఈ ఒక్క భాగహారం బోర్డు మీద చేస్తే చాలు.

బల్బు కృత్యం ఇంకొకటి ఉంది, చిన్నదే. వెలగని బల్బుకు మల్టీమీటరు పెట్టి నిరోధం రాసుకోమంటుంది, తర్వాత కాసేపు వెలిగించి మళ్లీ కొలవమంటుంది. పాత 60 వాట్ల బల్బు 230 వోల్టుల దగ్గర నడుస్తున్నప్పుడు లెక్క ప్రకారం 882 ఓంలు. చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. ఓం నియమం వాక్యంలో 'స్థిర ఉష్ణోగ్రత వద్ద' అనే ముక్కను పిల్లలు పరీక్షలో మర్చిపోయి అర మార్కు పోగొట్టుకుంటారు కదా, ఆ ముక్క అక్కడెందుకుందో చెప్పేది ఈ బల్బే. ప్రయోగం చేసేటప్పుడు రీడింగు రాసుకున్నంత సేపే కీ నొక్కి వెంటనే వదలమని మంచి మాస్టార్లు పట్టుబట్టడం కూడా ఇందుకే. తీగ వేడెక్కితే కొలిచేది వేరే తీగను అవుతుంది.

2024–25 నుంచి ఆంధ్రప్రదేశ్ పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠం వచ్చింది. అందులో ఇనుప చువ్వ లేదు. అర మీటరు నైక్రోమ్ తీగ, నాలుగు ఘటాలు. వస్తువు ఎంపిక ఇప్పుడు సరిగా కుదిరింది: ఆ తీగకు సన్నదనాన్ని బట్టి కొన్ని ఓంల నిరోధం ఉంటుంది, వేడికి అది పెద్దగా మారదు, స్కూలు మీటర్లలో ముళ్లు మధ్యలో నిలబడతాయి. తర్వాతి కృత్యంలో వలయంలో ఖాళీ వదిలి అక్కడ నైక్రోమ్ తీగ, టార్చి బల్బు, పది వాట్ల బల్బు వరుసగా పెట్టి కరెంటు ఎంత మారుతుందో చూడమంటుంది. చక్కటి కృత్యమే. కానీ ఎల్ఈడీ పోయింది, దానితో పాటు వంపు గ్రాఫూ పోయింది. ఇది నాకు లోటుగానే అనిపిస్తుంది. కొత్త పుస్తకంలోని తీగను, పాత పుస్తకంలోని ఆలోచనను ఒకే బల్ల మీదికి తెచ్చుకోవడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. 330 ఓంల రెసిస్టరు కలిపిన ఎర్ర ఎల్ఈడీకి రెండు ఘటాల నుంచి ఐదు ఘటాల దాకా ఇచ్చి, వోల్ట్ మీటరును ఎల్ఈడీ కాళ్ల మధ్యే పెట్టి చూడండి. కరెంటు మూడు మిల్లీ ఆంపియర్ల దగ్గర మొదలై పదిహేను దాటుతుంది, వోల్టులు మాత్రం రెండు దరిదాపుల్లోనే తచ్చాడుతుంటాయి. నిష్పత్తి అయిదొందల పైచిలుకు ఓంల నుంచి నూట ఇరవై దాకా జారిపోతుంది. దీనికి మామూలు స్కూలు అమ్మీటరు చాలదు, మిల్లీ అమ్మీటరో మల్టీమీటరో కావాలి.

ఇప్పుడు తోటలోని రైతు మాటకు వద్దాం. ట్రాన్స్‌ఫార్మరు నుంచి మోటారు దాకా 300 మీటర్ల కేబులు ఉందనుకోండి, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది. ఒక్కో తీగ నిరోధం రెండు ఓంలకు కాస్త ఎక్కువ. ఐదు హార్స్ పవర్ల మోటారు ఏడున్నర ఆంపియర్లు లాగితే ఒక్కో ఫేజులో పదిహేను వోల్టులు పైగా తీగలోనే పోతాయి. ఫేజుకూ ఫేజుకూ మధ్య చూస్తే దాదాపు 27 వోల్టులు. 415 బయల్దేరితే మోటారుకు అందేది 388. కేబులు నాలుగు చదరపు మిల్లీమీటర్లది వేస్తే నష్టం 17 వోల్టులకు దిగుతుంది. ఇక్కడ కేబులు అచ్చం నైక్రోమ్ తీగలాగే ప్రవర్తిస్తోంది, ఓం నియమం అక్షరాలా పనిచేస్తోంది. దాని చివరన ఉన్న మోటారు మాత్రం ఆ మాట వినదు. బోరులోంచి నీళ్లు తోడే పని తగ్గలేదు కాబట్టి, వోల్టేజీ పది శాతం తగ్గితే ఆ లోటును కరెంటుతో పూడ్చుకుంటుంది. ఆ అదనపు కరెంటు మళ్లీ అదే కేబులు గుండా రావాలి, అక్కడ ఇంకొన్ని వోల్టులు పోతాయి, మోటారు ఇంకాస్త లాగుతుంది. వైండింగు వేడెక్కేది ఇక్కడే. బల్ల మీద చువ్వ, ఎల్ఈడీ పక్కపక్కన పెట్టి చూసిన పిల్లాడికి ఈ విషవలయం కొత్తగా అనిపించదు. చువ్వ ఒక్కదానితోనే పాఠం ముగించిన పిల్లాడు మాత్రం నాన్న చెప్పింది తప్పంటాడు, లేదా పుస్తకం చెప్పింది పరీక్షకే అనుకుంటాడు. రెండోది ఎక్కువ జరుగుతుంది.

దీన్ని తరగతిలోకి తేవడానికి మోటారు మోసుకురానక్కర్లేదు. నేమ్ ప్లేటు మీది అంకెలు పిల్లలను రాసుకు రమ్మంటే చాలు: ఎన్ని హార్స్ పవర్లు, ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు. ఒక్కో ఫేజుకు 240 వోల్టులు, ఏడున్నర ఆంపియర్లు అనుకుంటే భాగహారంలో 32 ఓంలు వస్తాయి. వైండింగ్ షాపులో విప్పి పెట్టిన అలాంటి మోటారు కాయిలుకు మల్టీమీటరు పెట్టి చూస్తే మీటరు చూపించేది కొద్ది ఓంలే. నిలబడి ఉన్న మోటారుకు స్విచ్చి వేసిన మొదటి క్షణంలో ఐదారు రెట్ల కరెంటు ఎందుకు దూకుతుందో, తిరగడం అందుకున్నాక ఎందుకు సర్దుకుంటుందో ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే ఉంది. తిరిగే మోటారు తనంతట తానే ఎదురు వోల్టేజీ పుట్టిస్తుందన్న మాట అయస్కాంతత్వం పాఠం అయ్యాక చెప్పుకోవచ్చు. అప్పటిదాకా ఆ రెండు అంకెలూ బోర్డు మీదే ఉండొచ్చు.